ఇంటి బంతి భోజనానికి ఏది మేలు: షామియానా షాపు టేబుళ్లా, సొంత ప్లైవుడ్ బల్లా?

మాది కావలి దగ్గర పల్లె. సంక్రాంతికి మా ఇంట్లో చేరేది పిల్లలతో కలిపి ఇరవై రెండు మంది. నాయనమ్మ ఉన్నప్పటి నుంచీ వసారాలో జంపఖానాలు పరిచి, అరిటాకులు వేసి, అందరం ఒకే బంతిలో తినడం అలవాటు. అంతకు మించిన భోజనం లేదని ఇప్పటికీ నా నమ్మకం. కానీ మా మేనత్తకు మోకాళ్లు వంగడం లేదు. ఒక పండక్కి ఆమెను లోపల కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పళ్లెం ఇచ్చాం. మేమంతా బయట నవ్వుకుంటూ తింటుంటే ఆమె ఒక్కతే లోపల తిన్నది. "నాకేం పర్లేదులేమ్మా, మీరు కానివ్వండి" అన్నది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి బల్ల మీద భోజనమే అనుకున్నాం.

ముందు షామియానా షాపు టేబుళ్లు తెచ్చాం. వాటితో సుఖం ఏమిటంటే పని అయిపోగానే తిరిగి పంపేయొచ్చు, దాచే బాధ లేదు. యాభై, వంద మంది వచ్చే నిశ్చితార్థానికో, గృహప్రవేశానికో ఇంకో ఆలోచన అక్కర్లేదు, అద్దెకు తెచ్చుకోవడమే మంచిది. ఇంటి బంతి దగ్గరే చిక్కు. పండగ రోజుల్లో, ముహూర్తాల రోజుల్లో అందరికీ అవే కావాలి. మాకు ముందురోజు రాత్రి పదింటికి వచ్చాయి. ఒకదాని కాలు లాక్ పడలేదు, ఇంకోదాని అంచు రేకు లేచి మా తమ్ముడి చెయ్యి గీసుకుంది. పైగా అద్దెతో పాటు ఆటో ఖర్చు రానూపోనూ మనదే. మడత పెట్టే ప్లాస్టిక్ టేబుళ్లు కొందామా అని కూడా చూశాం. తేలిగ్గా ఉంటాయి, కడగడం సులువు, అది నిజం. నలుగురైదుగురున్న ఇంటికి చాలు. మాకు నాలుగైదు కావాలి కాబట్టి వదిలేశాం.

చివరికి ప్లైవుడ్‌కే వచ్చాం. షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. అలాగే స్టాండ్ల మీద పరిస్తే పెద్ద డైనింగ్ టేబుల్ అవుతుంది, చుట్టూ పది మంది కూర్చోవచ్చు. కానీ మన వడ్డనకు అది పనికిరాదు. మనకు వడ్డించేవాళ్లు ఎదురుగా నిలబడాలి. నాలుగడుగుల బల్ల మీదుగా వంగి చేపల పులుసు పోస్తే సగం బల్ల మీదే పడుతుంది. అందుకని షీటును పొడవునా రెండుగా కోయించాం. రెండడుగుల వెడల్పు బల్లలు రెండు వచ్చాయి. మనిషికి రెండడుగులు లెక్కేస్తే ఒక్కో బల్లకు ఒకవైపు నలుగురు. రెండు షీట్లకు పదహారు మంది పెద్దవాళ్లు. ఆరుగురు పిల్లలు జంపఖానా మీదే సంతోషంగా కూర్చుంటారు.

మందం దగ్గర తొందరపడకండి. షాపులో ఎక్కువ మంది 18 ఎంఎం తీసుకోమంటారు. అది గట్టిదే, కానీ నిండు షీటు సుమారు ముప్పై కిలోలు తూగుతుంది. మేము 12 ఎంఎం తీసుకున్నాం. సగానికి కోస్తే ఒక్కో బల్ల పది కిలోల చిల్లర, ఆడవాళ్లం ఇద్దరం అవలీలగా మోస్తాం. అయితే 12 ఎంఎం ఊరికే పరిస్తే మధ్యలో కుంగుతుంది. అడుగున పొడవునా రెండు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు బిగించాలి. వాటి వెడల్పు వైపు, అంటే రెండంగుళాల వైపు నిలువుగా ఉండాలి, పడుకోబెట్టి కొడితే బలం రాదు. ఒక్కో బల్లకు మూడు స్టాండ్లు: రెండు కొసల నుంచి అడుగు లోపలికి ఒక్కొక్కటి, నడిమధ్య ఒకటి. స్టాండు అంటే రెండు చట్రాలకు పైన మడత బందులు, అవి విడిపోకుండా కింద తాడు. ఎత్తు బల్లతో కలిపి 30 అంగుళాలు. మా వైపు సరుగుడు కర్రకు కొదవ లేదు కాబట్టి దాంతోనే చేద్దామనుకున్నాం. పచ్చికర్ర ఆరేకొద్దీ వంకర పోతుందని వడ్రంగి వద్దన్నాడు. పాత తలుపుల చెక్కతో చేశాడు. నాలుగు బల్లలకు పన్నెండు స్టాండ్లు, బల్లల కన్నా వాటికే ఎక్కువ ఖర్చయింది. ఈ మాట ముందే తెలుసుకోవడం మంచిది.

షీటు మీద ఐఎస్ 303 ముద్ర, ఎంఆర్ అని ఉంటే అది తేమను కొంత ఓర్చుకునే రకం. నీళ్లలో నానితే పొరలు విడిపోతాయి. ఐఎస్ 710 అంటే నీళ్లకు తట్టుకునేది, ధర ఎక్కువ. ఏడాదిలో నాలుగైదు సార్లు, అదీ నీడపట్టున వాడితే ఎంఆర్ చాలు. కార్తీక మాసంలో తోటలోకి తీసుకెళ్లాలనుకుంటే మాత్రం 710 తీసుకోండి, నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు అప్పుడే కదా. ఏదైనా సరే అంచులకు ఉప్పు కాగితం బాగా పట్టించి, రెండు పూతలు వార్నిష్ వేయండి. లేకపోతే చీరల పోగులు లేస్తాయి, చేతికి పేడు గుచ్చుకుంటుంది. వాసన పోయేదాకా పది రోజులు గాలికి ఉంచాకే వాడండి.

దాచడమే దీనికున్న అసలు లోటు. గోడకు వాలుగా ఆనిస్తే వంగుతుంది, నేలకు తగిలితే చెద పడుతుంది. మేము అటక మీద పడుకోబెట్టి, కింద ఇటుకలు పెట్టాం. అటక గానీ ఖాళీ గది గానీ లేని ఇంటికి నేను ఈ బల్ల చేయించమని చెప్పను. అద్దె టేబుళ్లే నయం. చోటుండి, ఏడాదికి రెండు మూడు సార్లయినా ఇరవై మంది చేరే ఇల్లయితే బల్లే మేలు.

కొస స్టాండును అడుగు లోపలికి పెట్టమనడానికి బరువు ఒక్కటే కారణం కాదు. బల్ల చివర కాళ్లు చాపుకోవడానికి చోటు మిగులుతుంది. మా మేనత్త కూర్చునేది అక్కడే. పోయిన పండక్కి రెండో బంతి లేచేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.