టెక్సస్ మెయిల్ బ్యాలెట్‌కి నా మార్కులు: ఐదుకి మూడు

నేను తెనాలిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. చెక్కు మీద సంతకాన్నీ స్పెసిమెన్ కార్డు మీద సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చూడటంలోనే సర్వీసంతా గడిచింది. అబ్బాయి దగ్గరికి వచ్చి, అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నాక, పోస్టులో ఓటేయడానికి ఇంటికొచ్చిన బ్యాలెట్ కవర్ని కూడా ఆ కంటితోనే చూశాను. పిల్లల దగ్గర టెక్సస్‌లో ఉంటున్న మన పెద్దవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు రిజిస్ట్రేషన్. ఇక్కడే ఒక మార్కు పోయింది. ఇంత టెక్నాలజీ ఉన్న రాష్ట్రంలో ఓటరుగా నమోదు కావాలంటే ఫారం నింపి, పెన్నుతో సంతకం పెట్టి పంపాలి. డ్రైవింగ్ లైసెన్సో టెక్సస్ ఐడీ కార్డో ఆన్‌లైన్లో రెన్యూవల్ చేసుకునేవాళ్లకి మాత్రం ఆ పనితోపాటే అయిపోతుంది. ఆ రెన్యూవల్ పని లేని నాలాంటివాడికి ఆ దారి లేదు. ఎన్నికకి 30 రోజుల ముందే కాగితం ఇవ్వాలి, లేదా పోస్టు చేయాలి. ఫారంలో లైసెన్స్ నంబరో, టెక్సస్ ఐడీ కార్డు నంబరో, అవి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరులో (మన ఆధార్ లాంటిది) చివరి నాలుగు అంకెలో రాయాలి. సిటిజన్‌షిప్ కాగితాలు జత చేయనక్కర్లేదు, సిటిజన్‌నే అని టిక్కు పెట్టి సంతకం చేస్తే చాలు. అబద్ధమైతే కేసు. అరిజోనాలో ఉన్న మా బావమరిదికి మాత్రం కాగితం చూపించాల్సి వచ్చింది, అక్కడ 2004లోనే ఓటర్లు ఓటేసి ఆ చట్టం తెచ్చుకున్నారు.

ఇక మెయిల్ బ్యాలెట్. అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వరు. 65 నిండాలి, లేదా జబ్బో వైకల్యమో ఉండాలి, లేదా పోలింగ్ సమయంలో కౌంటీలో (మన జిల్లా లాంటిది) లేకపోవాలి, ఇలా కొన్ని కారణాలున్నాయి. 65 నిండినవాళ్లు ఏడాదికోసారి దరఖాస్తు పెట్టి, ఆ సంవత్సరం ఎన్నికలన్నిటికీ బ్యాలెట్ పంపమని కోరవచ్చు. కొత్త సంవత్సరం రాగానే మళ్లీ పెట్టుకోవాలి, దానంతటది రాదు.

అసలు కథంతా కవర్లో ఉంది. బ్యాలెట్‌ని ఒక కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి అంటించి సంతకం చేయాలి. ఆ పై కవరు మడత కింద ఒక గడి ఉంటుంది, ఐడీ నంబరు అక్కడ రాయాలి. అంటించాక నంబరు పోస్టుమాన్‌కి కనపడకూడదని అక్కడ పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ రాయకుండా అంటించేస్తే ఆ గడి రాయాల్సినవాడికీ కనపడదు! 2021లో వచ్చిన ఎస్‌బీ 1 (సెనేట్ బిల్ 1) అనే టెక్సస్ చట్టంతో ఈ నిబంధన మొదలైంది. దాని కింద జరిగిన మొదటి పెద్ద ఎన్నిక, 2022 మార్చి ప్రైమరీలో (పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక), 24 వేలకు పైగా మెయిల్ ఓట్లు తిరస్కరించారు, అంటే ఎనిమిదింట ఒకటి. నవంబరు నాటికి అది 3 శాతం లోపుకి దిగింది. నంబరు రాస్తే సరిపోదు, రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానితో కలవాలి. అప్పుడెప్పుడో ఏ నంబరు ఇచ్చామో ఎవరికి గుర్తుంటుంది? లైసెన్స్ లేదా ఐడీ నంబరు, సోషల్ సెక్యూరిటీ నాలుగు అంకెలు, రెండూ రాసేయండి. దరఖాస్తు మీదా అంతే.

కోర్టులో కూడా ఇది చాలా నలిగింది. 2023లో కింది కోర్టు ఈ నంబరు నిబంధనని కొట్టేసింది, 2025 ఆగస్టులో అప్పీలు కోర్టు నిలబెట్టింది.

నా మటుకు నాకు నంబరు అడగడం తప్పనిపించదు. వాషింగ్టన్ రాష్ట్రం సియాటిల్‌లో మా చెల్లెలికి అడక్కుండానే బ్యాలెట్ వస్తుంది, స్టాంపు కూడా అంటించక్కర్లేదు, సంతకం పెట్టి డబ్బాలో వేసేస్తుంది. వాళ్లు సంతకం పోల్చి చూస్తారు. వినడానికి హాయిగానే ఉంది. కానీ పెన్షనర్ల సంతకాలు నేను చూశాను. డెబ్భై దాటాక చెయ్యి వణికి, ‘వెంకటేశ్వర’లో సగం అక్షరాలు గీతలైపోతాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి నాకు తెలుసు కాబట్టి పాస్ చేసేవాణ్ణి, కవరుకి ముఖం ఉండదుగా. టెక్సస్‌లో నంబరు కలిస్తే, కాదనడానికి వేరే ఆధారం లేనంతవరకు సంతకం ఓటరుదేననే అనుకోవాలని చట్టంలో రాశారు. చెయ్యి వణికేవాడికి అది పెద్ద అండ. రెండో మార్కు కోసింది గడి పెట్టిన చోటుకే, నంబరుకి కాదు.

నంబరు తప్పు పడితే, మన బ్యాలెట్ ఏమైందో చూపించే బ్యాలెట్ ట్రాకర్ రాష్ట్రం వెబ్‌సైట్లో ఉంది, అందులోనే నంబరు సరిదిద్దుకోవచ్చు. వేశాం కదా అని ఊరుకోకుండా అబ్బాయి చేతో అమ్మాయి చేతో చూపించుకోండి. దరఖాస్తు ఎన్నికకి 11 రోజుల ముందే కౌంటీకి అందాలి, పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. పోస్టు మీద నమ్మకం లేకపోతే నింపిన కవరు పోలింగ్ రోజున కౌంటీ ఎన్నికల ఆఫీసులో చేతికివ్వచ్చు, కానీ ఫొటో ఐడీ పట్టుకుని మీరే వెళ్లాలి. అబ్బాయి చేత పంపిస్తే తీసుకోరు.