పాత పడవ డాష్‌బోర్డు మరమ్మతు: రాణీగంజ్ కార్ఖానాలో నా అనుభవం

20 ఏళ్లు దాటిన 16 అడుగుల ఫైబర్‌గ్లాస్ మోటారు పడవను నేను బాగుచేసుకోవాల్సిన స్థితిలో కొన్నాను. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నడపడం నేర్చుకునే పిల్లల వెంట కాపుగా తిప్పాలన్నది నా ఉద్దేశం. ఇంజిను బాగానే ఉంది కానీ డాష్‌బోర్డు మాత్రం పూర్తిగా పాడైంది. ప్లైవుడ్ పలక నీరు పీల్చి ఉబ్బి పొరలుగా విడిపోయింది, మీటర్ల వెనుక వైర్ల కొసలు పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. పాత కార్ల డాష్‌బోర్డులు బాగుచేసే రాణీగంజ్‌లోని ఒక చిన్న కార్ఖానాకు ఈ పని అప్పగించాను. మూడు వారాలు పట్టింది, మొత్తం 18,500 రూపాయలైంది.

ఈ కార్ఖానా పనితనం ఊడదీయడంలోనే తెలిసింది. పెద్ద మిస్త్రీ మొదట బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఫొటోలు తీసి, ఒక్కొక్క వైరుకు అంకె వేసిన టేపు చుట్టి, అదే అంకెను అట్టముక్క మీద గీసిన బొమ్మలో రాసుకున్న తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకున్నారు. "ఇప్పుడు రాసుకోకపోతే బిగించేటప్పుడు ఏడవాలి సార్" అన్నారు. స్టీరింగ్ చక్రం ఇరుసుకు పట్టేసి కదల్లేదు. ఇంతకుముందు మరొక చోట ఒకాయన సుత్తి తీసుకుంటే నేనే ఆపేశాను. ఈయన మాత్రం తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి అలాగే వదిలేసి, మర్నాడు పుల్లర్ (చక్రాన్ని పట్టి బయటికి లాగే పనిముట్టు) బిగించి మెల్లగా లాగితే చక్రం దెబ్బ తినకుండా వచ్చింది.

పెట్రోలు మీటరు విషయంలో ఆయన చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పాలి. నేను కొని తెచ్చిన కొత్త మీటరును ఆయన వెంటనే బిగించలేదు. ట్యాంకులోని తేలుడు బుడ్డిని చేత్తో కిందికి, పైకి కదిలిస్తూ మల్టీమీటరుతో విద్యుత్ నిరోధాన్ని కొలిస్తే, ఖాళీ దగ్గర 240 ఓములు, నిండు దగ్గర 33 ఓములు వచ్చింది. అది అమెరికా కొలత. నేను తెచ్చింది ఖాళీకి 10, నిండుకు 180 ఓములుండే ఐరోపా మీటరు. అలాగే బిగించి ఉంటే ట్యాంకు ఖాళీ అయినప్పుడు ముల్లు నిండుగా చూపించేది. చెరువు మధ్యలో, పిల్లల పడవ బోల్తా పడిన సమయంలో, దాని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మీటరు మార్చుకొచ్చాను.

కొత్త పలకకు ఐఎస్ 710 (నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌నే వాడారు. దాని జిగురును 72 గంటలు నీటిలో మరిగించి పరీక్షిస్తారు కాబట్టి, ఇలాంటి చోటుకు మామూలు వాడకానికి వచ్చే ఐఎస్ 303 రకంతో సరిపెట్టకూడదు. మీటర్ల కోసం కోసిన రంధ్రాల అంచులకు కూడా నీరు చొరకుండా ఎపాక్సీ జిగురు పూయడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పాత పలక కుళ్లు మొదలైంది సరిగ్గా ఆ అంచుల దగ్గరే. పైన టేకు పొర, ఆరు పూతల వార్నిష్ చక్కగా కుదిరాయి.

వైరింగ్ మాత్రం నన్ను నిరాశపరిచింది. కార్లకు వాడే మామూలు రాగి వైరే వేశారు. సాగర్‌లో ఉప్పునీరు లేకపోయినా, వేసవిలో ముక్కుపుటాలదిరే వాసనతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు రాగిని నల్లబరుస్తుంది, తేమ ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. తగరం పూత ఉన్న వైరు కావాలని నేను ముందే రాసి ఇవ్వకపోవడం నా తప్పే అయినా, పడవ పని అని తెలిసినప్పుడు వారు అడిగి ఉండాల్సింది. కోఠి గుజరాతీ గల్లీలో వెతికి ఆ వైరు నేనే తెచ్చి ఇస్తే, అదనపు కూలి అడగకుండా మొత్తం మళ్లీ వేశారు.

కాబట్టి పడవ పని ఇచ్చేవారు వైరు రకాన్ని మొదటి రోజే తేల్చుకుని, పలక బిగించకముందు ఒకసారి వెళ్లి వెనుక వైపు చూసి రావడం మంచిది. ఇంజిను వేగం చూపే నా టాకోమీటరు అద్దం లోపల పొద్దుటి పూట ఇంకా కొంచెం ఆవిరి పడుతోంది. వానలు వెలిశాక తీసుకొస్తే విప్పి కొత్త రబ్బరు వేస్తామన్నారు.