అభిరుచి పరీక్షా, కౌన్సెలర్‌తో మాటామంతీనా?

ఏం చదవాలో తేల్చుకోలేని హైస్కూలు విద్యార్థికి సాధారణంగా రెండు దారులు చూపిస్తారు: ఇష్టాయిష్టాలు అడిగే ప్రశ్నపత్రం (అభిరుచి పరీక్ష) నింపడం, కౌన్సెలర్‌తో కూర్చుని మాట్లాడటం.

ప్రశ్నపత్రం చరిత్ర పాతదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో తెచ్చిన అభిరుచి పరీక్ష సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. మరో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం అభిరుచులను ఆరు రకాలుగా విడదీసింది: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార చొరవ, లెక్కాపత్రాల నిర్వహణ. విద్యార్థి జవాబుల ప్రకారం వీటిలో ముందు నిలిచిన మూడింటిని బట్టి వృత్తుల జాబితా వస్తుంది. తరగతి మొత్తానికీ ఒకేసారి పెట్టవచ్చు. అయితే అది కొలిచేది ఇష్టాన్నే, సామర్థ్యాన్ని కాదు. ఎన్నడూ చూడని పని ఇష్టమా అని అడిగితే పిల్లలు మాత్రం ఏం చెబుతారు?

కౌన్సెలర్ దగ్గర అదే జవాబు లోతుగా తెరుచుకుంటుంది. ‘డాక్టర్నవుతాను’ అన్న అమ్మాయిని ‘అందులో ఏది నచ్చింది?’ అని అడిగి చూడండి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయనీ, అసలు ఆసక్తి మందులు ఎలా పనిచేస్తాయన్న దాని మీదేననీ బయటపడవచ్చు. అప్పుడు ఫార్మసీ, రసాయనశాస్త్రం చర్చకు వస్తాయి. ఇంటి ఆర్థిక స్థితి, తల్లిదండ్రుల పట్టుదల కూడా మాటల్లోనే తెలుస్తాయి. కాకపోతే కౌన్సెలర్‌కు తెలిసిన కోర్సులే పిల్లలకు కనిపించే ప్రమాదం ఉంది. (కాలేజీల నుంచి కమీషన్ తీసుకునేవారి సలహాను అమ్మకంగానే చూడాలి.)

నన్నడిగితే పరీక్ష ముందు, మాట తర్వాత. ఫలితం ముందు పెట్టుకుని ‘ఇందులో నీకు తప్పనిపించింది ఏది?’ అని అడిగే కౌన్సెలర్ దొరికితే మరీ మంచిది. ఒక్కటే కుదిరేటట్లయితే పరీక్ష మానేసి మనిషి దగ్గరకే వెళ్లండి.