మద్రాసు మిద్దె తీసి స్లాబు వేయించిన పదేళ్లకు

తిరుపతి పాత పట్టణంలో, గోవిందరాజస్వామి ఆలయానికి నడక దూరంలో ఉన్న మా ఇంటికి 2014లో సంక్రాంతి వెళ్లగానే పైకప్పు మార్పించాము. అంతకుముందు ఉన్నది తాతగారి కాలం నాటి మద్రాసు మిద్దె. ఇప్పుడు ఇంటి ప్రధాన భాగం మీద అయిదంగుళాల కాంక్రీటు స్లాబు, దాని మీద సున్నంతో కలిపి దిమ్మిస కొట్టిన ఇటుక ముక్కల పొర, ఆ పైన పడమటి సగంలో ఎర్రని బిళ్ల పెంకులు, తూర్పు సగంలో తెల్లని పింగాణీ టైల్ ముక్కలు ఉన్నాయి. వీధి వైపు వరండాకు మాత్రం ఇనుప చట్రం మీద మంగళూరు పెంకులు వేయించాము. ఒకే ఇంటి మీద మూడు రకాల కప్పులు ఉన్నందువల్ల, ఒకే ఎండలో, ఒకే వానలో ఏది ఎట్లా ఉంటుందో పోల్చి చూసే వీలు మాకు దొరికింది. పదేళ్లు దాటిన తరువాత నా అభిప్రాయం ఇది: స్లాబు వాన నుండి కాపాడింది, అందులో లోపం లేదు, కానీ వేసవిలో ఇల్లు ఉండదగినదిగా ఉన్నదా లేదా అన్నది స్లాబు మీద ఏమి పరిచామన్న దానిని బట్టే తేలింది. పాత మిద్దె తీసి వట్టి కాంక్రీటు పోసి వదిలేసేవారు సగం పని చేసి పూర్తి డబ్బు చెల్లిస్తున్నట్టే.

పాత కప్పు గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే అది చెడ్డ కప్పు అన్న అపోహతో దానిని తీయించలేదు. మద్రాసు మిద్దెలో టేకు దంతెలను, అంటే చిన్న దూలాలను, దగ్గర దగ్గరగా పేర్చి, వాటికి ఐమూలగా పలుచని చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సున్నపు గారతో ఒకదానికొకటి అతికిస్తూ పోతారు. అడుగున సెంట్రింగ్, అంటే కప్పు గట్టిపడేదాకా కింద ఊతగా పెట్టే చెక్కల చట్రం, ఉండదు. ముందు అతికిన వరుసే తరువాతి వరుసను పట్టుకొని నిలుస్తుంది. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన మందపాటి పొర వేసి, బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొట్టి, ఆ పైన బిళ్ల పెంకులు పరుస్తారు. ఇటుకా సున్నమూ ఎంత మందాన ఉన్నా వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. పాడైనది కర్ర. దంతెల కొనలు గోడలో దిగి ఉన్నచోట చెమ్మ చేరి, ఆ చెమ్మను వెతుక్కుంటూ చెదలు వచ్చి, పైకి గట్టిగానే కనిపించే దంతె లోపల గుల్లబారిపోయింది. పిట్టగోడ మూలలో పక్షులు వేసిన రావి విత్తనాలు మొలిచి, వేళ్లు సున్నపు పొరలోకి దిగి, నీళ్లకు దారి చేశాయి. చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. అది నేటికీ నిలిచి ఉండడం చూసినప్పుడల్లా మా ఇంటి దంతెలే గుర్తుకు వస్తాయి. దంతెలు మాత్రమే మార్చి పాత పద్ధతిలోనే మళ్లీ కట్టించాలని మొదట విచారించాము, కానీ ఆ పొడవున మంచి టేకు ధర, ఐమూల ఇటుక కట్టగల పనివారి కొరత రెండూ కలిసి ఆ ఆలోచనను అక్కడితోనే ఆపాయి.

స్లాబు బరువును పాత గోడలు మోస్తాయా అన్నది అందరూ అడిగే ప్రశ్న. అయిదంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. పైన ఇటుక ముక్కల పొర, పెంకులు చేరితే ఇంకా పెరుగుతుంది. అయితే మద్రాసు మిద్దె కూడా తేలికైనది ఏమీ కాదు, దానిని విప్పి కిందికి దింపినప్పుడు వచ్చిన శిథిలాలను చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొత్తం బరువులో తేడా అంతగా లేకపోయినా, దంతెలు ఊడదీసిన గుంతలతో గోడ పైభాగం బలహీనపడి ఉంటుంది కనుక, ఆ గుంతలను పూడ్పించి, గోడలన్నిటి మీదుగా కమ్మీలతో కాంక్రీటు బెల్టు పోయించాము. పాత గోడలు ఉన్నవారు ఈ బెల్టు ఖర్చును మిగుల్చుకోవాలని చూడకూడదు. విప్పే పని కూడా పైనుండి వరుసగా, కింద ఊతకర్రలు నిలబెట్టి జరగాలి. ఒక దంతె లాగేస్తే దాని మీద ఆధారపడిన ఇటుకలన్నీ ఒక్కసారిగా రాలతాయి. మా వీధిలోకి లారీ రాదు కనుక మట్టీ ఇటుకా మనుషులే మోయవలసి వచ్చింది. పాత పట్టణంలో పని మొదలుపెట్టేవారు అంచనా వేసుకునేటప్పుడు కప్పు ధర కంటే ముందు ఈ మోతకూలి సంగతి తేల్చుకోవడం మంచిది.

సంక్రాంతి తరువాత పని పెట్టడానికి కారణం వాతావరణమే. ఈశాన్య రుతుపవనం డిసెంబరుతో దాదాపు ముగుస్తుంది, ఎండలు మార్చిలో ముదురుతాయి. ఆ నడుమ దొరికే వారాలలోనే ఇంటి నెత్తిన కప్పు లేకుండా ఉండగలం. పచ్చి కాంక్రీటుకు కూడా అదే అనుకూలమైన కాలం. వేసవి మధ్యాహ్నం పోసిన స్లాబు, తడి త్వరగా ఆరిపోయి పైన సన్నని బీటలు పడుతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఈ రోజుల్లో ఎక్కువగా దొరికే బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని నియమం ఉన్నది, పొడి ఎండల్లో ఇంకా ఎక్కువ ఉంచాలి. స్లాబు మీద మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టించాము. పైపుతో రెండు పూటలా చల్లితే చాలునన్న మాటను ఒప్పుకోలేదు.

కాంక్రీటు పోయడానికి ముందు మా ఇంజనీరు పట్టుబట్టి చేయించిన ఒక చిన్న పని ఈ పదేళ్లలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది. స్లాబు పగటి వేడికి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పది మీటర్ల పొడవు గల స్లాబు, 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. స్లాబును గోడకు గట్టిగా అతికించి పోస్తే ఆ కదలికను గోడ తట్టుకోలేక, కప్పుకు కొంచెం కింద అడ్డంగా బీట పడుతుంది. మన ఊళ్లలో చాలా పై అంతస్తు గదులలో కనిపించే బీట ఇదే, పునాది కుంగిందని అనవసరంగా భయపడే బీట కూడా ఇదే. దీనికి విరుగుడుగా బెల్టు పైభాగాన్ని సిమెంటు పూతతో నున్నగా చేయించి, ఆరిన తరువాత తారు పూసి, మందపాటి కాగితం పరిచి, దాని మీద స్లాబు పోయించారు. స్లాబు జారడానికి కొద్దిపాటి చోటు దొరికింది. పింగాణీ ముక్కలు పరిచిన తూర్పు గదులలో ఈనాటికీ అటువంటి బీట లేదు. పడమటి గదిలో ఒక మూల వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది, ఎర్ర పెంకుల కింద స్లాబు ఎక్కువ వేడెక్కుతుందనడానికి అదొక సాక్ష్యం.

ఇటుక ముక్కల పొర విషయంలో మేస్త్రీకీ మాకూ కొంత వాదన జరిగింది. సిమెంటుతో వాటం, అంటే నీళ్లు తూము వైపు జారే వాలు, పోసి పైన రసాయనపు పూత వేస్తే రెండు రోజుల్లో పని అయిపోతుందని ఆయన అన్నారు. సరిహద్దు అవతల, తమిళనాడు ప్రభుత్వ కట్టడాలలో ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన పద్ధతి వేరు: 32 పాళ్ల ఇటుక ముక్కలకు పన్నెండున్నర పాళ్ల సున్నం కలిపి, మూడంగుళాల మందాన వేసి, చెక్కలతో దిమ్మిస కొట్టి, ఆ పైన బిళ్ల పెంకులు పరుస్తారు. మేము ఆ పద్ధతినే ఎంచుకున్నాము, వేలూరు వైపు నుండి పనివారిని పిలిపించాము. పని నిదానంగా సాగుతుంది, పనివారికి ఓపిక ఉండాలి, సున్నం తాజాగా ఉండాలి. పాతబడి గట్టిపడిన సంచి సున్నంతో చేస్తే పొర పొడిపొడిగా రాలుతుందే తప్ప పట్టుకోదు. కానీ గాలి బుడగలున్న ఇటుక ముక్కల పొర కాంక్రీటు కంటే వేడిని చాలా నిదానంగా కిందికి పంపుతుంది, వాటం కూడా అందులోనే వస్తుంది.

ఇక ఎండ సంగతి. తిరుపతిలో మే నెలలో 42, 43 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇక్కడి అక్షాంశానికి ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు, కనుక గోడల కంటే కప్పు మీదనే ఎండ దెబ్బ ఎక్కువ. కాంక్రీటు కప్పు కింద పగలు కంటే రాత్రి కష్టం. మధ్యాహ్నం తాగిన వేడి కొన్ని గంటలు ఆలస్యంగా కింది ముఖానికి చేరుతుంది కనుక, బయట గాలి చల్లబడే వేళకు లోపల పైకప్పు కాగిన పెనంలా ఉంటుంది. కత్తిరి ఎండల్లో రాత్రి భోజనాల వేళ పడమటి గదిలో ఫ్యాను వేస్తే, అది పైనున్న వేడినే తెచ్చి మీద పోస్తుంది. తూర్పు గదిలో అదే వేళ ఫ్యాను కింద నిద్రపోవచ్చు. రెండు గదుల ఎత్తు, కిటికీలు, స్లాబు, ఇటుక పొర ఒకటే. తేడా అంతా పైన పరచిన దాని రంగుదే. పడమటి గోడకు సాయంత్రపు ఎండ తగులుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు, కానీ ఆ వైపు పొరుగువారి మేడ నీడ ఉన్నది. మే నెల మధ్యాహ్నం ఎర్ర పెంకుల మీద చెప్పులు లేకుండా కాలు పెట్టలేము, తెల్ల ముక్కల మీద బట్టలు ఆరవేసి రావచ్చు. మా అమ్మగారు మొదట్లో తన మంచం పడమటి గదిలోనే ఉండాలన్నారు. రెండో వేసవికి ఎవరూ చెప్పకుండానే తూర్పు గదికి మార్పించుకున్నారు.

తెల్ల ముక్కలకు లోపాలు లేకపోలేదు. దుమ్ము పట్టినకొద్దీ తెలుపు తగ్గుతుంది, తెలుపు తగ్గినకొద్దీ గది వేడెక్కుతుంది. ఫిబ్రవరి చివరన ఒకసారి గట్టిగా తోమి కడగడం తప్పనిసరి. కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ల మీద ఆధారపడిన ఊరిలో ఏప్రిల్, మే నెలల్లో మిద్దె కడగడానికి నీళ్లు పోయడం న్యాయం కాదు. వానలో జారుతాయి. ఎదురింటి పైఅంతస్తు వారికి ఉదయం కళ్లలో వెలుగు కొడుతుంది, ఆ విషయం వారు మర్యాదగానే చెప్పారు. ముక్కల సందులలోని తెల్ల సిమెంటు అక్కడక్కడ ఊడితే ప్రతి రెండు మూడేళ్లకు నింపించుకోవాలి.

వాన విషయంలో రెండు సగాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో శ్రీవారి మెట్టు దారిని దెబ్బతీసి రాయలచెరువు కట్ట గురించి అందరినీ భయపెట్టిన వాన, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను, ఈ మూడూ ఈ కప్పు మీదుగానే వెళ్లాయి. 2021లో మాత్రం మిద్దె మీద నీళ్లు నిలిచాయి. కారణం కప్పులో లేదు. తూము నోట్లో ఆకులూ ఎగిరివచ్చిన ప్లాస్టిక్ సంచీ అడ్డుపడ్డాయి. ఆ తరువాత పిట్టగోడకు అడుగున, తూము కంటే కొంచెం ఎత్తులో, నీళ్లు పొంగితే బయటికి పోయేలా మరొక రంధ్రం పెట్టించాము. కప్పు కారుతున్నదని అనుకునే ఇళ్లలో చాలావాటికి నీళ్లు దిగేది స్లాబు నడుమ నుండి కాదు, స్లాబూ పిట్టగోడా కలిసే మూల నుండి. ఆ మూలను గుండ్రంగా తిప్పి పూత వేయకపోతే పైన ఎంత ఖరీదైన రసాయనం పూసినా ప్రయోజనం ఉండదు. నీళ్లు అక్కడ దిగి కమ్మీని చేరితే, తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. పదేళ్ల హామీతో అమ్మే పూతల వారు కొందరు ఈ మధ్య కూడా వచ్చి చూశారు. హామీ కాగితంలో పిట్టగోడ మూలలు, పైపుల చుట్టూ ఉండే సందులు లెక్కలోకి రావని చిన్న అక్షరాలలో ఉన్నది, అంటే కారే చోట్లు తప్ప మిగిలినవన్నీ హామీలో ఉన్నాయన్న మాట.

వరండా పెంకుల గురించి నాకు పక్షపాతం ఉన్నదని ఇంట్లో అంటారు. మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో ఈ పెంకుల కర్మాగారం మొదలుపెట్టారు. పాత పెంకులు కొన్నిటి వెనుక అచ్చు అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. పెంకుల సందుల నుండి వేడిగాలి పైకి పోతుంది, పలుచనివి కనుక పొద్దు వాలగానే చల్లబడతాయి. వేసవి రాత్రి ఇంటిల్లిపాదీ చేరేది అక్కడికే. కానీ ఈ ఊరిలో కోతులు ఉన్నాయి. కొండ దిగి వచ్చే కోతుల గుంపు పెంకుల మీద దూకితే కొన్ని పగులుతాయి, కొన్ని జారుతాయి, ఆ సంగతి మొదటి వాన వచ్చేదాకా తెలియదు. ఒక్కొక్క కర్మాగారం పెంకుకు గాడి కొలత ఒక్కొక్క రకం, విడిగా కొన్న పెంకు పాతదాని పక్కన సరిగ్గా కూర్చోదు. కాబట్టి వేయించేటప్పుడే అదనంగా కొని పెట్టుకోవాలి. ఇనుప చట్రానికి అతుకుల దగ్గర ముందుగా తుప్పు వస్తుంది, అక్కడ రంగు ఆలస్యం చేయకూడదు. గోడా పెంకులూ కలిసేచోట రేకు మడత లేకపోతే ఏటవాలు వానకు గోడ తడుస్తుంది.

ఖర్చు అంకెలు 2014 నాటివి, ఇప్పుడు ఎవరికీ పనికిరావు. నిష్పత్తి మాత్రం చెప్పగలను. విప్పడానికి, మోయించడానికి, బెల్టుకు అయిన సొమ్ము కలిపితే స్లాబుకు అయినదానికి దాదాపు సమానమయింది. వీటితో పోలిస్తే తెల్ల ముక్కలకు అయినది చిన్న మొత్తం. టైల్స్ దుకాణాలలో పగిలినవి, మిగిలినవి తక్కువ ధరకే దొరుకుతాయి, కూలి ఖర్చే ఎక్కువ. అంత చేయలేనివారు మార్చి మొదట్లో మిద్దె మీద దట్టంగా తెల్ల సున్నం కొట్టించుకున్నా ఆ వేసవికి తేడా తెలుస్తుంది, వానలకు అది కొట్టుకుపోతుంది కనుక ఏటా కొట్టించాలి.

వచ్చే సంక్రాంతి తరువాత పడమటి సగంలో ఎర్ర పెంకుల మీద కూడా తెల్ల ముక్కలు పరిపించాలని నిర్ణయించాము. పెంకులు గట్టిగానే ఉన్నాయి కనుక వాటిని తీయించడం లేదు. వరండాను మాత్రం, కోతులతో సహా, అలాగే ఉంచుతున్నాము.