ఒకే ఈడు అరటితోట

టిష్యూ కల్చర్ అరటి మొక్కను, అంటే ఒక తల్లి మొక్క ముక్క నుంచి ల్యాబులో పెంచినదాన్ని, ఎలా నాటాలో, డ్రిప్‌లో ఏ ఎరువు ఎంత వదలాలో ఎవర్నడిగినా చెబుతారు. నేను చెప్పేది దాని ఒక్క గుణం గురించే: తోటంతా ఒకే ఈడు.

పలాస దగ్గర మా కొబ్బరితోట పక్క అరెకరంలో 2017 డిసెంబరులో గ్రాండ్ నైన్ అనే అరటి రకం టిష్యూ కల్చర్ మొక్కలు ఆరు వందలు పెట్టాను. పిలకలు నాటితే దుంప సైజును బట్టి ఒకటి ముందు, ఒకటి నెల వెనక గెల వేస్తాయి. ఇవి అలా కాదు. ఆగస్టులో వరసకు వరస పువ్వు తీస్తుంటే రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని చూసేవాణ్ని. కార్తీకమాసానికి గెలలన్నీ ఒకేసారి దింపి ఒకే లారీకి ఎత్తాలని లెక్క.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వైపే తీరం దాటింది. నిండు గెలల బరువు మీదున్న చెట్లు, ఊతమిచ్చిన సరుగుడు కర్రలతో సహా పడుకున్నాయి. తెల్లారి లెక్కపెడితే పాతిక కూడా నిలబడి లేవు. పక్కతోట పెదనాన్నది, పిలకలతో నాటిన కర్పూరం అరటి. ఆయన గెలలూ పోయాయి గానీ, మోకాలెత్తు మొక్కలు వంగి మళ్లీ లేచాయి. "నా తోటలో తాతలు పోనారు, మనవలు మిగిలినారు. నీ తోటలో అంతా ఒకీడోలే కదరా" అన్నాడు. ఎగతాళికి కాదు. ఆ రాత్రి ఆయన కొబ్బరిచెట్లూ కూలాయి.

పడ్డవి నరికేశాక దుంపల నుంచి పిలకలొచ్చాయి. ఆ పంటే నన్ను కొంత నిలబెట్టింది. అన్నట్టు, "అన్నీ అచ్చం తల్లిలాగే" అని నర్సరీలో చెప్పారు గానీ, మొదట్లోనే ఓ పది మొక్కలు పొట్టిగా, సన్నటి ఆకులతో ఉండిపోయి గెలే వేయలేదు. పిలక పంటకొచ్చేసరికి ఒకే ఈడన్నదీ చెదిరిపోయింది. నాకది లోపంగా అనిపించలేదు.

ఇప్పుడు కొత్త మొక్కలు వేసినప్పుడల్లా సగం సెప్టెంబరులో నాటుతున్నాను. తుపాన్ల రోజులకి ముందే గెల దిగిపోతుంది. మిగతా సగం మాత్రం కార్తీకం ధర మీద ఆశతో ఇంకా డిసెంబరులోనే. జీడి, కొబ్బరి ఉన్నాయి కాబట్టి నాకీ జూదం చెల్లుతోంది. అరటి ఒక్కటే ఆధారమైనవాళ్లకి వేయమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. ఇంట్లో దేవుడికి మాత్రం అమ్మ ఇప్పటికీ పెదనాన్న తోట పండే అడిగి తెస్తుంది.