జయాన్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా: మోటార్ హోమ్ ట్యాంకుల లెక్కతో ఒక యాత్ర

అమెరికాలోని లాస్ వేగస్‌లో మోటార్ హోమ్ (పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న ఇల్లు లాంటి బండి) అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ కాన్యన్ జాతీయ పార్కులు, పేజ్ పట్టణం, గ్రాండ్ కాన్యన్ చూసుకుని తిరిగి అక్కడికే చేరే దారిలో అక్టోబరు నెలలో ప్రయాణం చేశాము. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు మా వెంట ఉన్నారు. నాన్నగారికి మధుమేహం ఉండడం వల్ల మరుగుదొడ్డి కోసం గంటకోసారి పెట్రోలు బంకు వెతుక్కునే అవస్థ తప్పుతుందన్న ఒక్క కారణంతోనే కారునూ హోటళ్ళనూ వద్దనుకుని ఈ బండిని ఎంచుకున్నాము. ఎంపిక సరైనదే. అయితే ఏ రాత్రి ఎక్కడ ఆగాలన్నది కొండల అందం కంటే బండి అడుగున ఉన్న మూడు ట్యాంకులే ఎక్కువగా నిర్ణయిస్తాయి కాబట్టి, ఈ దారిలోని బసలను ఆ దృష్టితోనే చెబుతాను.

మేము తీసుకున్న సీ క్లాసు (మధ్యరకం) బండిలో మంచినీళ్ళకు సుమారు 150 లీటర్ల ట్యాంకు, స్నానాల నీళ్ళూ సింకు నీళ్ళూ చేరే గ్రే ట్యాంకు, మరుగుదొడ్డికి సంబంధించిన బ్లాక్ ట్యాంకు ఉన్నాయి. చివరి రెండూ ఒక్కొక్కటి 110 లీటర్లకు కాస్త అటూ ఇటూగా పడతాయి. నలుగురూ ఇంట్లో చేసినట్టు షవరు కింద నిలబడితే గ్రే ట్యాంకు ఒక్క పూటలో నిండిపోతుంది. షవరు చేతిపిడికి ఉన్న మీట నొక్కి నీళ్ళు ఆపి, సబ్బు రుద్దుకున్నాక మళ్ళీ విప్పుకోవడం ఒక పద్ధతి. అమ్మ మాత్రం మడతపెట్టే ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళు పట్టుకుని చెంబుతో పోసుకుంది. మా అందరిలో అతి తక్కువ నీళ్ళు వాడింది ఆమే.

వంట విషయంలో మనవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మరుగుదొడ్డి ట్యాంకు కంటే గ్రే ట్యాంకే ఎక్కువ కంపు కొడుతుందంటే చాలామంది నమ్మరు గానీ, సాంబారు అడుగు, గంజి, ఆవకాయ నూనె, పోపు గింజలు అందులో చేరి వెచ్చదనానికి పులిస్తే ఆ వాసన సింకు గొట్టంలోంచి పైకి తన్నుతుంది. కంచాలను ముందు కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేసి, ఆ తరువాతే కడగడం మేము మొదటి రోజు నుంచీ పాటించిన నియమం.

జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండు (గుడారాలు, బండ్లు నిలుపుకుని బస చేసే చోటు) ఈ దారి మొత్తంలో నాకు బాగా నచ్చిన బస. అక్కడ కొన్ని వరుసల్లో ప్రతి స్థలానికీ కరెంటు ఉంటుంది కానీ నీటి కనెక్షను గానీ మురుగు కనెక్షను గానీ ఉండవు. స్నానాల గదులూ లేవు. నీళ్ళు పట్టుకోవడానికీ, ట్యాంకులు ఖాళీ చేయడానికీ క్యాంప్‌గ్రౌండులోనే డంప్ స్టేషన్ ఉంది. నిండుగా నీళ్ళు, ఖాళీ ట్యాంకులతో చేరుకుని పొదుపుగా వాడుకుంటే రెండు రాత్రులు హాయిగా గడిచిపోతాయి.

ఖాళీ చేసే పని చూడ్డానికి అసహ్యంగా అనిపించినా, వరుస తప్పకపోతే పావుగంటలో ముగుస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టాన్ని బండి అడుగున ఉన్న మూతికి తిప్పి బిగించి, రెండో కొసను నేలలోని రంధ్రంలో గట్టిగా కూర్చి, ముందు బ్లాక్ ట్యాంకు వాల్వు లాగాలి. గొట్టం ఒక్కసారిగా బరువెక్కి అదురుతుంది. ఆ హోరు సన్నబడి చుక్కలుగా మారాక వాల్వు మూసి, అప్పుడు గ్రే వాల్వు లాగితే సబ్బు నీళ్ళు అదే గొట్టాన్ని కడుక్కుంటూ పోతాయి. పని అయ్యాక మరుగుదొడ్డిలో రెండు బకెట్ల నీళ్ళు, వాసన అణిచే ట్యాంకు మందు కొంచెం పోయాలి. డంప్ స్టేషన్‌లో గొట్టాలు కడగడానికి పెట్టిన కుళాయి వేరు, తాగే నీళ్ళ కుళాయి వేరు. ఆ తేడాను బోర్డు చదివి గమనించాలి, మంచినీళ్ళకు వాడే తెల్ల గొట్టాన్ని మురుగు పని దరిదాపులకు కూడా తీసుకురాకూడదు.

బండిలోని మరుగుదొడ్డికి కింద పెడల్ ఉంటుంది. సగం తొక్కితే నీళ్ళు వస్తాయి, పూర్తిగా తొక్కితే అడుగు మూత తెరుచుకుంటుంది. గిన్నెలో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటే రబ్బరు ఆరిపోకుండా ఉండి వాసన పైకి రాదు. నీళ్ళతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ కలిసొచ్చింది: ట్యాంకు కొంత త్వరగా నిండినా, కాగితం తక్కువై లోపలిది పలచగా ఉండి సులువుగా దిగిపోయింది. కాగితం వాడేవారు త్వరగా కరిగే రకమే కొనుక్కోవాలి.

బ్రైస్ కాన్యన్ దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అక్టోబరు రాత్రుల్లో నీళ్ళు గడ్డకడతాయి. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండులో ఏ కనెక్షనూ ఉండదు; అందుకే ద్వారం బయట నీళ్ళు, కరెంటు, మురుగు మూడూ ఇచ్చే ప్రైవేటు చోటుకు ఎక్కువ డబ్బు ఇచ్చి దిగాము. పెద్దవాళ్ళకు వెచ్చని స్నానం దొరికిందన్నది నిజమే గానీ, అంత ధర నాకు సమంజసంగా అనిపించలేదు. కుళాయి ఒత్తిడి ఎక్కువగా ఉండే ఇలాంటి చోట్ల రెగ్యులేటరు బిగించకుండా గొట్టం తగిలిస్తే లోపలి కీళ్ళు ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. చలికి గొట్టంలో నీళ్ళు గడ్డకట్టకుండా రాత్రికి ట్యాంకు నింపుకుని, బయటి గొట్టం తీసేసి, బండిలోని పంపు మీద నడుపుకోవడం క్షేమం. మురుగు కనెక్షను ఉంది కదా అని బ్లాక్ వాల్వును తెరిచి వదిలేయడం మాత్రం ఎంతమాత్రం తగదు: ద్రవం కారిపోయి, మిగిలినది మరుగుదొడ్డి కింద చీమల పుట్టలా గట్టిపడుతుంది. మూడింట రెండు వంతులు నిండాకే ఒక్కసారిగా వదలాలి.

పేజ్ పక్కన లేక్ పావెల్ ఒడ్డున ఉన్న వావీప్‌లో అన్ని కనెక్షన్లూ దొరికాయి. బట్టలు ఉతుక్కుని, ట్యాంకులు కడుక్కుని బయలుదేరాము, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున బసకు రెండు చోట్లున్నాయి. ట్రెయిలర్ విలేజ్‌లో అన్ని కనెక్షన్లూ ఉంటాయి కానీ అది వరుసగా బండ్లు నిలిపే మైదానం. చెట్ల నీడ ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండులో కనెక్షన్లు ఉండవు. దగ్గర్లోనే డబ్బు చెల్లించి వాడుకునే షవర్లూ లాండ్రీ ఉన్నాయి. అన్నీ కడుక్కుని వచ్చాము కాబట్టి మాథర్‌నే ఎంచుకున్నాము, మళ్ళీ వెళ్ళినా అదే చేస్తాను. ఇక్కడి నీళ్ళు ఎదుటి అంచు కింద ఉన్న రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి లోయను దాటుకుంటూ దాదాపు 20 కిలోమీటర్ల పైపులో వస్తాయి. 1960ల నాటి ఆ పైపు తరచూ పగులుతుంది. 2024 ఆగస్టు చివర్లో వరుసగా పగిలినందువల్ల ఈ అంచున హోటళ్ళలో రాత్రి బసలే కొన్నాళ్ళు ఆపేశారు. కొత్త పైపు పనులు 2023లో మొదలయ్యాయి. అక్కడికి చేరేటప్పుడు మంచినీళ్ళ ట్యాంకు నిండుగా ఉంచుకోవడం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

బండి అప్పగించేముందు లాస్ వేగస్ సమీపంలో డబ్బు కట్టి రెండు ట్యాంకులూ ఖాళీ చేశాము, ఎందుకంటే నిండుగా తిరిగి ఇస్తే అద్దె సంస్థ వసూలు చేసే రుసుము అంతకు చాలా రెట్లు ఎక్కువ. మా బండిలో ఒక లోపం ఉంది: బ్లాక్ ట్యాంకు పూర్తిగా ఖాళీగా ఉన్నా గోడ మీది మీటరు మూడింట రెండు వంతులు అని చూపేది. లోపలి సెన్సరుకు కాగితం అంటుకుంటే ఇలా జరగడం మామూలే. తీసుకునే రోజునే మీటరు నొక్కి చూసి, ఆ సంగతిని తనిఖీ కాగితంలో రాయించి ఫొటో తీసుకున్నందున కౌంటరు దగ్గర అరగంట వాదన జరిగినా రుసుము పడలేదు.