పేరు చెరిగిన పాత సైకిల్‌కి ఊరు వెతికే షాపు, కర్నూలు

కర్నూలు కొండారెడ్డి బురుజు దాటి పాతబస్తీ సందుల్లోకి దిగితే, బోర్డు కూడా లేని ఒక సైకిల్ షాపు ఉంది. పంచర్లు, రాడ్ బ్రేకుల రిపేర్లు రోజూ ఉండే పని. మోనోగ్రాం (కంపెనీ గుర్తు రేకు) ఊడిపోయి, రంగు మీద రంగు పడిన పాత సైకిల్‌ని తీసుకెళ్తే అది ఏ కంపెనీదో తేల్చడం ఇక్కడ దొరికే ఇంకో పని. ఈ రివ్యూ దాని గురించే. కొలిచి చెప్పిందైతే ఇక్కడ కళ్లు మూసుకుని నమ్మొచ్చు. చూపుతో చెప్పింది మాత్రం ఇంకోసారి అడగాల్సిందే.

పాత సైకిల్ పట్టుకొచ్చే ప్రతివాళ్లూ "ఇది లండన్ రాలీ అప్పా" అనే మొదలుపెడతారు. ఆధారం ఏమిటంటే ఇంగ్లండ్ కంపెనీల బ్రూక్స్ సీటు, లూకాస్ గంట. షాపువాళ్లు ఆ రెండింటినీ లెక్కలోకే తీసుకోరు, మంచి పని చేస్తారు. సీటు, గంట, పెడళ్లు, చక్రాలు యాభై అరవై ఏళ్లలో ఎన్నిసార్లు మారాయో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది బీఎస్ఏ ముద్ర. మూడు తుపాకుల గుర్తు హబ్బు (చక్రం నడిమి భాగం) మీదో క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) మీదో కనిపించగానే సైకిలే బీఎస్ఏ అనుకుంటారు. ఆ కంపెనీ పార్టులను విడిగా వేరే తయారీదారులకూ అమ్మేది. కాబట్టి ఆ ముద్ర ఆ పార్టు సంగతే చెప్తుంది, ఫ్రేము సంగతి చెప్పదు.

పెడళ్ల దగ్గర చైన్ తిరిగే పళ్ల చక్రం, అంటే చైన్ వీల్, కొంచెం నయం. అందులో కొంగ తల ఉంటే రాలీ, అరచెయ్యి ఉంటే రడ్జ్, మనుషుల బొమ్మలుంటే హంబర్. కానీ క్రాంకును ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను తీస్తే చైన్ వీల్ క్రాంకుతో సహా ఊడొస్తుంది. పావుగంటలో మార్చేసే వస్తువు అది. హంబర్ విషయంలో ఫోర్కు గట్టి సాక్ష్యం: ఒక్కో వైపు రెండేసి సన్నని గొట్టాలుండే ఫోర్కు కనిపిస్తే పెద్దగా అనుమానం అక్కర్లేదు.

హ్యాండిల్ కింది గొట్టం మీద మోనోగ్రాం రివిట్ల రంధ్రాలు వెతకడంలో ఈ షాపుకి మంచి నేర్పుంది. బయట పుట్టీ పెట్టి రంగు కొట్టేసినా, ఫోర్కు దించి గొట్టం లోపలికి టార్చి వేస్తే రంధ్రాలు కనిపిస్తాయి. అవి పైకీ కిందికీ ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా అని చూసి, నడిమి నుంచి నడిమికి దూరం వెర్నియర్ కొలబద్దతో తీసి, పాత మోనోగ్రాంల కొలతలతో పోలుస్తారు. రెండు జతలుంటే ఒకటి తర్వాత వేసిందే. ఒరిజినల్ ఇత్తడి మోనోగ్రాం మిగిలి ఉంటే దాన్ని చింతపండుతో తోమి మాత్రం తీసుకెళ్లొద్దు. గుంటల్లో మిగిలిన రంగు పోతుంది, ఆ రంగు కూడా ఆధారమే.

ఇక థ్రెడ్డు. షాపుకి వెళ్లాల్సిందే దీనికోసం. మామూలు బ్రిటిష్ సైకిళ్లలో బీబీ (బాటమ్ బ్రాకెట్, పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కప్పు థ్రెడ్డు అంగుళానికి 24 చుట్లు, ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీది 26. ఫోర్కు గొట్టం పైథ్రెడ్డుకూ ఇదే తేడా. అందుకే ముందు హ్యాండిల్ దగ్గరి పైనట్టు విప్పి థ్రెడ్డు కొలిచే పళ్ల రేకుల గేజ్ పెడతారు, బీబీ జోలికి ఆ తర్వాతే పోతారు. 26 థ్రెడ్డులో ఒక్కో చుట్టు 0.98 మి.మీ., 24లో 1.06 మి.మీ. మామూలు మిల్లీమీటర్ గేజ్‌లో 1.0 రేకు 26 మీద దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. అది చూసి ఏదో కొత్తరకం పార్టని కొట్టిపారేసే మెకానిక్కులు ఉన్నారు. ఇక్కడ అంగుళాల లెక్కలో ఉండే విట్‌వర్త్ గేజ్ వాడతారు. పైగా ఎనిమిది చుట్లను వెర్నియర్‌తో కొలుస్తారు: 7.8 వస్తే 26, 8.5 వస్తే 24. బీబీ గొట్టం వెడల్పూ రాసుకుంటారు. 68 మి.మీ. సాధారణం, 71 గానీ 76 గానీ ఉంటే రాలీ వైపు మొగ్గుతుంది.

బీబీ విప్పాల్సొస్తే ఎడమవైపు కప్పు మాత్రమే తీస్తారు. చూడ్డానికి అది చాలు. కుడివైపు కప్పుకి ఎదురు థ్రెడ్డు. తెలియక మామూలు వైపు తిప్పి బిగించేసుకుని, చివరికి గొట్టానికే పగులు తెచ్చుకున్న సైకిళ్లు ఉన్నాయి. గతంలో ఎవరో 24 కప్పుని 26 గొట్టంలో బలవంతంగా దూర్చి ఉంటే థ్రెడ్డు నలిగిపోయి ఏ రేకూ కూర్చోదు. అప్పుడు ఫోర్కు కొలతే దిక్కు.

26 వస్తే సైకిల్ రాలీయేనా అంటే అక్కడితో అయిపోదు. రాలీ 1932లో హంబర్ సైకిళ్లను, 1943లో రడ్జ్‌ను, 1957లో బీఎస్ఏ సైకిళ్లను కొనేసింది. 1960 విలీనంతో హెర్క్యులిస్, ఫిలిప్స్ కూడా అదే గొడుగు కిందికి వచ్చాయి. థ్రెడ్డు కుటుంబాన్ని చెప్తుంది, ఇంటిపేరు మోనోగ్రాం రంధ్రాలే చెప్పాలి. వెనక హబ్బు మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ అయితే దాని మీద సంవత్సరం, నెల అంకెలుంటాయి. 52 8 అంటే 1952 ఆగస్టు. అది హబ్బు పుట్టినరోజు మాత్రమే, చక్రం మారి ఉంటే సైకిల్‌కి దానితో సంబంధం లేదు. స్పోకులు ముందు 32, వెనక 40 ఉంటే బ్రిటిష్ పద్ధతి. మన దేశంలోనూ అదే నడిచింది కాబట్టి దేశం తేలదు.

ఈ షాపు తడబడేదీ అక్కడే. 1949లో మొదలైన, మద్రాసు దగ్గరి అంబత్తూరు టీఐ సైకిల్స్ హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో ఇక్కడే సైకిళ్లు తయారుచేసింది. పశ్చిమ బెంగాల్ ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ రాలీ డిజైన్ సైకిళ్లు చేసింది. బొంబాయిలో హింద్, సోనీపట్‌లో అట్లాస్ ఫ్యాక్టరీలు ఉండేవి. రాయలసీమలో దొరికే పేరులేని సైకిళ్లలో ఇవి తక్కువేం కాదు. కొంగ తల చూడగానే నాటింగ్‌హామ్ అనేస్తారు ఇక్కడ. ఆసన్‌సోల్ సంగతి మనమే గుర్తుచేయాలి.

ఇంకో రెండు లోపాలున్నాయి. సీటు గొట్టం లగ్గు (గొట్టాలు కలిసే జాయింటు) మీదో బీబీ కిందో ఉండే నంబరును చదవడానికి వైర్ బ్రష్ పట్టుకుంటారు. వద్దని ముందే చెప్పాలి. కిరసనాయిలు గుడ్డ పది నిమిషాలు ఆనించి, తుడిచి, సుద్ద రుద్ది, టార్చిని పక్కనుంచి వాలుగా వేస్తే అంకెలు లేస్తాయి. ఫ్రేము మీద కంపెనీ పేరు మరకగా మిగిలి ఉన్నా ఈ వాలు వెలుతురులోనే కనిపిస్తుంది. థిన్నర్ తగిలితే రెండూ గల్లంతు. రెండోది కాటర్ పిన్ను. చిన్న చిన్న దెబ్బలు కొట్టి పిన్ను తల పుట్టగొడుగులా చేసేస్తారు. ముందురోజు నూనె పట్టించి, నట్టును పిన్ను కొసకి సమంగా ఉంచి, క్రాంకు కింద ఇనుప గొట్టం ఆనించి ఒకటే గట్టి దెబ్బ వేయాలి. కొత్త పిన్నుల్లో 9, 9.5 మి.మీ. రెండు లావులున్నాయి, పాతది చేతిలో పెట్టుకుని కొనండి.

2009 అక్టోబరు వరదలో మునిగిన సైకిళ్లు పాతబస్తీ ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటి బీబీలో తుంగభద్ర ఒండ్రు గట్టిపడి ఉంటుంది. దాన్ని కడగకుండా కప్పు తిప్పితే ఇసుక థ్రెడ్డును కొరికేస్తుంది, కొలవడానికి ఏమీ మిగలదు. ఈ షాపువాళ్లు సీటు గొట్టంలోంచి కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తారు. కాబట్టి సైకిల్‌ని రెండు రోజులు అక్కడే ఉంచాలి. కూలి ముందే మాట్లాడుకోండి, బీబీ విప్పితే వేరే లెక్క. తేల్చింది నోటితోనే చెప్తారు, కాగితం ఇవ్వరు. కొలతలన్నీ మీరే రాసుకుని, గేజ్ పెట్టినప్పుడు ఫోటో తీసుకోండి. రంగు కొట్టించే పని ఉంటే అది ఇక్కడికి వచ్చి వెళ్లాకే.